తాగి కొట్టిన కేసులో ఐదేళ్ల శిక్ష: అప్పీలులో ఏం నిలబడుతుంది?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన సంగతులు ఇవి. 2022లో మీ ఊళ్లో వైన్ షాపు పర్మిట్ రూమ్ బయట, రోడ్డు మీద గొడవ జరిగింది. మీ తమ్ముడు, అవతలి వ్యక్తి ఇద్దరూ తాగి ఉన్నారు. బీరు సీసాతో కొట్టాడని కేసు. అవతలి వ్యక్తికి నుదుటి మీద కుట్లు పడ్డాయి, దవడ ఎముక విరిగింది. పోలీసులు ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 307, అంటే హత్యాయత్నం కింద ఛార్జిషీటు వేశారు. అడిషనల్ సెషన్స్ జడ్జి గారు హత్యాయత్నం రుజువు కాలేదని చెప్పి, 326, అంటే ప్రమాదకరమైన ఆయుధంతో తీవ్ర గాయం చేయడం కింద ఐదేళ్లు, జరిమానా వేశారు. అదే రోజు జైలుకు పంపారు. పాత కేసులేవీ లేవు. ఇంట్లో భార్య, చిన్నపాప. "తాగిన మైకంలో చేశాడని చెప్తే శిక్ష తగ్గదా? రాజీ పడితే కొట్టేస్తారా? అప్పీలు వేస్తే శిక్ష పెరుగుతుందని ఒకాయన భయపెడుతున్నాడు, నిజమేనా? మళ్లీ దుబాయ్ వెళ్లగలడా?" అని అడిగారు.

నేను క్రిమినల్ వైపే ప్రాక్టీసు చేస్తాను, ఇలాంటి అప్పీళ్లు చాలా చూశాను. నేను చూసినంతలో దాదాపు ప్రతి కుటుంబమూ మొదట పట్టుకునేది మద్యం వాదననే. అది దాదాపు ఎందుకూ పనికిరాదు. పనికొచ్చేది సెక్షన్. 326 అక్కడ నిజంగా నిలుస్తుందా లేదా అన్నదాని మీదే మీ అప్పీలంతా ఆధారపడి ఉంటుంది. ముందు అర్జెంటు పనులు చెప్పి, తర్వాత దాని దగ్గరికి వస్తాను.

సెషన్స్ జడ్జి గానీ అడిషనల్ సెషన్స్ జడ్జి గానీ విచారణ జరిపి శిక్ష వేస్తే అప్పీలు నేరుగా హైకోర్టుకే. గడువు తీర్పు రోజు నుంచి 60 రోజులు. అదే మేజిస్ట్రేటు వేసిన శిక్షయితే జిల్లా సెషన్స్ కోర్టుకు, 30 రోజుల్లో వెళ్లాలి. ఎవరో మీకు 30 రోజులని చెప్పినట్టున్నారు, అది మేజిస్ట్రేటు కోర్టు లెక్క. తీర్పు కాపీకి అర్జీ పెట్టిన రోజు నుంచి అది తయారయ్యేదాకా పట్టిన సమయాన్ని గడువులోంచి మినహాయిస్తారు. గడువు దాటినా సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు. కానీ మనిషి జైల్లో ఉన్నప్పుడు గడువు చివరిదాకా కూర్చోవడంలో అర్థం లేదు. జైలుశిక్ష పడ్డ ముద్దాయికి తీర్పు కాపీ ఉచితంగా, వెంటనే ఇవ్వాలని చట్టమే చెప్తోంది. దానికోసం ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి.

వకాలత్ (లాయరును పెట్టుకునే కాగితం) మీద మీ తమ్ముడు జైల్లో సంతకం పెట్టాలి, జైలు అధికారి దాన్ని ధ్రువీకరించాలి. మీ లాయరు గుమస్తాకు ఇదంతా తెలిసే ఉంటుంది. ప్రైవేటు లాయరుకు డబ్బు సర్దుబాటు కాకపోతే టెన్షన్ పడొద్దు. కస్టడీలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టం కింద హక్కు. జైలు నుంచే అప్పీలు పంపొచ్చు, సూపరింటెండెంట్ దాన్ని కోర్టుకు చేరవేయాలి. న్యాయ సేవల హెల్ప్‌లైన్ నంబరు 15100. లీగల్ ఎయిడ్ లాయరంటే చిన్నచూపు అక్కర్లేదు. పెద్ద ఫీజు పుచ్చుకుని రికార్డు చదవకుండా వచ్చే వాళ్లకంటే శ్రద్ధగా వాదించేవాళ్లు అక్కడా ఉన్నారు.

అప్పీలుతో పాటే శిక్ష సస్పెన్షన్ కోసం, అంటే అప్పీలు తేలేదాకా శిక్ష ఆపి బెయిల్ మీద వదలమని, విడిగా పిటిషన్ వెయ్యాలి. కోర్టు విచారణ పద్ధతిని చెప్పే పాత సీఆర్‌పీసీలో ఇది 389, కొత్త బీఎన్‌ఎస్‌ఎస్‌లో 430. ఏ నంబరు వెయ్యాలని చాలామంది కంగారు పడుతున్నారు గానీ, నంబరు తప్పు పడిందని అప్పీలు కొట్టేయరు, రిజిస్ట్రీ వాళ్లు వెనక్కిచ్చి సరిచేయమంటారు, అంతే. నేరం మాత్రం 2024 జూలై 1కి ముందు జరిగింది కాబట్టి ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి. ఇది మీకు మంచిదే. 326కు బదులు, ఐపీసీ స్థానంలో తెచ్చిన కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్‌లో వచ్చిన 118(2)లో ఏడాదికి తగ్గకుండా జైలు వేయాలని ఉంది, ఐపీసీ 326లో ఆ కనీస శిక్ష లేదు.

మూడేళ్లలోపు శిక్ష పడి, అప్పటికి బెయిల్ మీద ఉంటే, శిక్ష వేసిన కోర్టే అప్పీలు వేసుకునేదాకా బయట ఉంచగలదు. మీ తమ్ముడిది ఐదేళ్లు కాబట్టి ఆ దారి లేదు, అందుకే అదే రోజు జైలుకు వెళ్లాడు. ఇక హైకోర్టే ఇవ్వాలి. నిర్ణీత కాలం శిక్ష పడ్డ కేసుల్లో, ప్రత్యేకంగా అడ్డొచ్చే కారణం ఉంటే తప్ప, సస్పెన్షన్‌ను ఉదారంగా పరిశీలించాలని 1999లో భగవాన్ రామా షిందే గోసాయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాని వెనకున్న తర్కం మామూలుదే. హైకోర్టులో అప్పీలు విచారణకు రావడానికి ఏళ్లు పడుతుంది. శిక్షంతా అనుభవించేశాక గెలిచినా చేతికొచ్చేది ఏమీ ఉండదు. విచారణ కాలంలో బెయిల్ మీద ఉండి ఒక్క వాయిదా ఎగ్గొట్టలేదు, సాక్షుల జోలికి పోలేదు, పాత కేసులు లేవు అన్న మూడూ చూపగలిగితే మీ స్థితి బాగానే ఉన్నట్టు. మొదట్లోనే రాకపోయినా నిరాశ పడకండి, కొన్నాళ్లు శిక్ష గడిచాక మళ్లీ వేయొచ్చు. ఉత్తర్వు వచ్చిన రోజే మనిషి బయటికి రాడు. ఇద్దరు జామీనుదారులు, వాళ్ల కాగితాలు, కింది కోర్టులో బాండ్లు, ఆ తర్వాత విడుదల ఉత్తర్వు జైలుకు చేరడం, ఇవన్నీ ఉంటాయి. జామీనుదారుల్ని ఇప్పుడే చూసిపెట్టుకోండి.

ఇప్పుడు మద్యం సంగతి. ఐపీసీ 85 రక్షణ ఇచ్చేది, తనకు తెలియకుండానో బలవంతంగానో ఎవరైనా తాగిస్తే, ఆ మత్తులో తాను చేస్తున్నదేమిటో కూడా తెలియని స్థితికి చేరినవాడికి. సొంత డబ్బులతో సీసా కొనుక్కుని తాగినవాడికి కాదు. అలాంటివాడికి 86 వర్తిస్తుంది. మత్తులో లేని మనిషికి ఉండే ఎరుక అతనికీ ఉన్నట్టే లెక్కగడతారు. ఈ విషయంలో ఇప్పటికీ అందరూ చూపించే తీర్పు 1956 నాటి బాస్‌దేవ్ కేసు. ఒక రిటైర్డు మిలటరీ జమేదారు పెళ్లి విందులో బాగా తాగి, కాస్త జరగమంటే జరగలేదని ఒక కుర్రాణ్ణి పిస్తోలుతో కాల్చేశాడు. కాళ్లు తడబడుతున్నా తానేం చేస్తున్నాడో తెలియనంత మత్తులో లేడని చెప్పి సుప్రీంకోర్టు హత్యానేరాన్నే ఖాయం చేసింది.

తాగుడు వాదన పనికొచ్చే చోటు ఒకటుంది. ప్రత్యేకమైన ఉద్దేశం రుజువు కావాల్సిన నేరాల్లో, అంత మత్తులో ఆ ఉద్దేశం కలిగిందా అని అడగొచ్చు. 307కి చంపాలన్న ఉద్దేశమో, చావు జరగొచ్చన్న ఎరుకో కావాలి. కానీ మీకు 307 ఇప్పటికే పోయింది, ఆ వాదన నుంచి దక్కగలిగినంతా దక్కేసింది. 326 దగ్గర మళ్లీ అదే ఎత్తుకుంటే జడ్జి గారి మనసులో మిగిలేది "తాగి రోడ్ల మీద సీసాలతో కొట్టేవాడు" అన్న బొమ్మ ఒక్కటే. ఇంకో ప్రమాదమూ ఉంది. కింది కోర్టులో 313 కింద, సాక్ష్యాల మీద జవాబు చెప్పమని జడ్జి ప్రశ్నలు అడిగినప్పుడు మీ తమ్ముడు ఏం చెప్పాడో చూడండి. చాలామంది లాయర్లు చెప్పినట్టు "అబద్ధం, నాకేం తెలియదు, నేనక్కడ లేను" అంటారు. అక్కడ అలా చెప్పి, ఇక్కడికొచ్చి "ఉన్నాను గానీ తాగి ఉన్నాను" అంటే రెండు వాదనలూ పోతాయి.

అసలు బలం ఎక్కడుందో చూద్దాం. 326 నిలవాలంటే రెండు విషయాలు కలిసి రుజువు కావాలి. గాయం చట్టం చెప్పిన తీవ్ర గాయాల్లో ఒకటై ఉండాలి, ఆ తీవ్ర గాయమే ప్రమాదకరమైన ఆయుధం వల్ల కలిగి ఉండాలి. రెండో మాటను కింది కోర్టులు చాలాసార్లు తొందరగా దాటేస్తాయి. సీసా ఉంది, ఎముక విరిగింది, కాబట్టి 326 అని రాసేస్తారు. మీ కేసులో రెండు గాయాలున్నాయి. నుదుటి మీద కోత, దవడ ఎముక విరగడం. సీసా ఏ గాయానికి కారణం? సీసా నుదుటికి తగిలి, దవడ పిడికిలి దెబ్బకో, రోడ్డు మీద బోర్లా పడటం వల్లో విరిగి ఉంటే, తీవ్ర గాయం ఆయుధంతో అయినట్టు కాదు. అప్పుడు కోతకు 324 (ఆయుధంతో మామూలు గాయం), దవడ పిడికిలి దెబ్బకు విరిగితే 325 (ఆయుధం లేకుండా తీవ్ర గాయం). కింద పడటం వల్లే విరిగిందనిపిస్తే, అది మీ తమ్ముడు తెలిసి చేసిన తీవ్ర గాయమేనా అన్న ప్రశ్న కూడా వస్తుంది. 326కు చోటు ఉండదు.

దీనికి జవాబు మూడు కాగితాల్లో దొరుకుతుంది. మొదటిది డాక్టరు ఇచ్చిన వూండ్ సర్టిఫికెట్. ఒక్కో గాయం ఎదురుగా మొద్దు వస్తువు వల్ల అయిందా, పదునైన దాని వల్లా అని ఉంటుంది. రెండోది డాక్టరు సాక్ష్యం, ముఖ్యంగా క్రాస్, అంటే మీ లాయరు వేసిన ఎదురు ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు. "గట్టి నేల మీద పడినా ఇలాంటి గాయం కలిగే అవకాశం ఉందా" అన్న ప్రశ్నకు డాక్టరు అవునన్నాడా? ఆ ఒక్క లైనూ ఉంటే మీ లాయరు దాని మీద అరగంట వాదించగలడు. మూడోది మొట్టమొదటి ఫిర్యాదు, పోలీసు కేసుల గాయాలు రాసే ఆసుపత్రి ఎం.ఎల్.సి. రిజిస్టరు. గాయపడిన మనిషి ఆసుపత్రిలో చేరిన రాత్రి సీసా మాట చెప్పాడా, లేక కోర్టులో బోనెక్కాకే చెప్పాడా? మొదట్లో లేని సీసా తర్వాత పుట్టుకొస్తే అది పెద్ద లోపం.

ఎక్స్‌రే ఫిల్ము కోర్టులో ఎగ్జిబిట్‌గా పడిందా, రేడియాలజిస్టు సాక్ష్యం ఇచ్చాడా అన్నది కూడా చూడాలి. కొన్ని కేసుల్లో ఫిల్ము లేకుండా సర్టిఫికెట్‌లోని ఒక్క వాక్యం మీదే ఎముక విరిగిందని తేలుస్తారు, అది వాదించదగ్గ విషయం. అంతేగానీ "చిన్న పగులే, పూర్తిగా విరగలేదు" అని వాదించొద్దు. ఎముక రెండు ముక్కలు కానక్కర్లేదని, లోతుగా తెగినా పగిలినా ఫ్రాక్చరేనని హోరీలాల్ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చేసింది.

ఇక ఆయుధం. ఖాళీ సీసాతో ఒక దెబ్బ వేయడం, పగలగొట్టిన సీసాతో పొడవడం చట్టం దృష్టిలో ఒకటి కావు. ఏ వస్తువైనా ప్రమాదకరమైన ఆయుధమా కాదా అన్నది దాని సైజు, పదును, వాడిన తీరు చూసి చెప్పాలని 2005లో మథాయి కేసులో సుప్రీంకోర్టు అంది. అక్కడ రాయితో కొట్టిన కేసులో 326ను 325కి మార్చింది. మీ కేసులో సీసా ముక్కలు స్వాధీనం చేసుకున్నారా, మధ్యవర్తుల నివేదిక (స్వాధీనం చేసేటప్పుడు సాక్షుల ఎదుట రాసే పంచనామా) మీద సంతకం పెట్టిన ఇద్దరూ కోర్టులో ఎదురు తిరిగారా, ముక్కల మీద రక్తం ఫోరెన్సిక్ ల్యాబుకు వెళ్లిందా, ఇవన్నీ రికార్డులో చూసుకోండి. వైన్ షాపు సీసీటీవీ మీద ప్రాసిక్యూషన్ ఆధారపడి ఉంటే, దానికి 65బీ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే పత్రం) జతచేశారా అన్నది తప్పకుండా అడగండి. అది తప్పనిసరని 2020లో సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది.

"325కి కూడా ఏడేళ్ల దాకా ఉందిగా, మారితే ఒరిగేదేముంది?" అని మీకు అనిపించొచ్చు. చాలా ఉంది. 326కు యావజ్జీవం దాకా వేయొచ్చు కాబట్టి ప్రొబేషన్ చట్టంలోని నాలుగో సెక్షన్ దానికి వర్తించదు. 325కి, 324కి వర్తిస్తుంది, అంటే మంచి ప్రవర్తన బాండు మీద వదిలే అధికారం కోర్టుకు వస్తుంది. తప్పకుండా వదులుతారని కాదు, అడగడానికి చట్టంలో చోటంటూ దొరుకుతుంది. 326 రాజీ కుదిరే నేరం కాదు. 325 మాత్రం అప్పీలు కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు. కాబట్టి మీ రాజీ ప్రశ్నకూ జవాబు సెక్షన్‌లోనే ఉంది.

326 మారకపోయినా రాజీ వృథా కాదు. కేసు కొట్టేయకుండా శిక్ష తగ్గించడానికి దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని 1973లోనే రాంపూజన్ కేసులో సుప్రీంకోర్టు అంది, అదీ 326 కేసే. 2021లో రామ్‌గోపాల్ కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. ఆయుధం దెబ్బకు చిటికెన వేలు పోయింది, 326 కింద మూడేళ్ల శిక్ష పడింది, తర్వాత ఊళ్లోనే రాజీ కుదిరింది. గొడవ వ్యక్తిగతమైనదై, సమాజం మీద ప్రభావం పెద్దగా లేకపోతే, శిక్ష పడ్డ తర్వాత కూడా హైకోర్టు తన స్వాభావిక అధికారంతో (న్యాయం కోసం దానికి ఉండే ప్రత్యేక అధికారం) కేసును ముగించవచ్చని అక్కడ చెప్పారు. అయితే ఇది హక్కు కాదు. రోడ్డు మీద పదిమంది చూస్తుండగా జరిగిన దాడిని వ్యక్తిగత గొడవ అని ఒప్పించడానికి మీ లాయరు కష్టపడాలి. పాత పరిచయమా, అప్పు గొడవా, అప్పటికప్పుడు నోరు జారి మొదలైందా అన్నవి ఇక్కడ పనికొస్తాయి.

రాజీ కోసం మీరుగానీ మీ వాళ్లుగానీ నేరుగా ఆ ఇంటికి వెళ్లకండి. ఇది గట్టిగానే చెప్తున్నాను. మీరు బతిమాలడానికే వెళ్లినా వాళ్లు బెదిరించడానికి వచ్చారని ఫిర్యాదు చేస్తే సస్పెన్షన్ రాదు, వచ్చింది కూడా రద్దవుతుంది. పెద్దమనుషుల సమక్షంలో బాండు పేపరు మీద రాయించుకున్నది దానంతట అది కోర్టులో చెల్లదు, లోక్ అదాలత్‌కు రాజీ కుదరని నేరాన్ని తేల్చే అధికారమే లేదు. లాయర్ల ద్వారా మాట్లాడి, గాయపడిన వ్యక్తి తన ఇష్టంతో అఫిడవిట్ వేసి, హైకోర్టు ముందు తానే చెప్పేలా ఉండాలి. ఆస్పత్రి ఖర్చులు, పనికి వెళ్లలేకపోయిన రోజుల కూలీ లెక్కగట్టి పరిహారం కోర్టులో జమ చేస్తామని ముందుకు రండి. దవడకు వైర్లు కట్టించుకుని వారాల తరబడి గంజి తాగిన మనిషి అతను, ఆ మాట మీ తమ్ముడి నోట కూడా రావాలి. పరిహారం గురించి ప్రతి క్రిమినల్ కోర్టూ ఆలోచించి తీరాలని 2013లో అంకుష్ శివాజీ గైక్వాడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆలోచించలేదంటే తీర్పులో లోపమే.

శిక్ష తగ్గించమని అడిగేటప్పుడు ఊరికే "చిన్న పాప ఉంది" అంటే సరిపోదు, ప్రతి ముద్దాయికీ ఎవరో ఒకరు ఉంటారు. కాగితాలు కావాలి. ఇంతకుముందు కేసులు లేవనడానికి, ఇంటి ఆధారం అతని సంపాదనే అనడానికి, జైల్లో ప్రవర్తనకు, బయటికొచ్చాక డీ అడిక్షన్ చికిత్సలో చేరితే దానికి. తాగుడు ప్రస్తావన వచ్చినా ఇక్కడ ఇబ్బంది లేదు, ఎందుకంటే ఇక్కడది సాకుగా కాదు, మానేశాడనడానికి సాక్ష్యంగా వస్తుంది. మరీ తక్కువ శిక్ష కోసం పట్టుబట్టకండి. 2022లో బన్వారీలాల్ కేసులో, హత్యాయత్నానికి వేసిన మూడేళ్లను రాజస్థాన్ హైకోర్టు అప్పటికే గడిచిన 44 రోజులకు కుదిస్తే, సుప్రీంకోర్టు తప్పుబట్టి మూడేళ్లనూ పునరుద్ధరించింది. తర్కం లేకుండా దక్కిన ఉపశమనం పైకోర్టులో నిలవదు.

శిక్ష పెరుగుతుందన్న భయం సగం నిజం, సగం బెదిరింపు. ముద్దాయి వేసుకున్న అప్పీలు మీద శిక్ష పెంచకూడదని చట్టంలోనే ఉంది. పెంచాలంటే ప్రభుత్వం తన అప్పీలు విడిగా వెయ్యాలి, మీ వాదన వినాలి. గాయపడిన వ్యక్తి శిక్ష చాల్లేదని అప్పీలు వేయలేడని 2020లో పర్వీందర్ కన్సల్ కేసులో తేల్చారు. అయితే 307 నుంచి చిన్న నేరానికి దిగిందని మాత్రం అతను అప్పీలు వేయగలడు, ప్రభుత్వమూ వేయగలదు. మీరు అప్పీలు వేసినా మానినా ఆ ముప్పు అలాగే ఉంటుంది కాబట్టి భయపడి ఆగడం వల్ల మీకు కలిసొచ్చేదేం లేదు. కోర్టుల మనసు రెండు వైపులా మారగలదనడానికి నవజోత్ సిద్ధూ కేసు చూడండి. 1988లో పాటియాలా రోడ్డు మీద జరిగిన గొడవ అది, మద్యం సంగతి అందులో లేదు. 1999లో కేసు కొట్టేశారు, 2006లో హైకోర్టు మూడేళ్లు వేసింది, 2018లో సుప్రీంకోర్టు వెయ్యి రూపాయల జరిమానాకు దించింది, 2022లో రివ్యూలో అదే కోర్టు ఏడాది జైలు వేసింది.

అదే సిద్ధూ పేరు మీద 2007లో ఇంకో తీర్పుంది, మీ దుబాయ్ ప్రశ్నకు అది అవసరం. శిక్ష సస్పెండ్ కావడం వేరు, దోషి అన్న నిర్ధారణ ఆగడం వేరు. రెండోది అరుదుగా, ప్రత్యేక నష్టం చూపిస్తేనే ఇస్తారు. కాబట్టి బయటికొచ్చినా అప్పీలు తేలేదాకా మీ తమ్ముడు రికార్డులో దోషే. పాస్‌పోర్టు కోర్టులో అప్పగించమనే షరతు పెట్టవచ్చు, అప్పుడు ప్రతి ప్రయాణానికీ హైకోర్టు అనుమతి అడగాలి. వీసా గడువు అయిపోతోందన్న కారణంతో అనుమతి వస్తుందని లెక్క వేసుకుని అక్కడి కంపెనీకి మాట ఇవ్వొద్దు. ఇక్కడే ఏదో పని చూసుకునేలా ఏర్పాటు చేయండి. స్థిరంగా ఒకచోట పని చేస్తున్నాడన్నది అప్పీలు చివరి విచారణలోనూ ఉపయోగపడుతుంది.

జైల్లో ఇప్పటిదాకా గడిచిన రోజులు, అరెస్టయిన కొత్తలో రిమాండులో ఉన్న రోజులతో కలిపి, శిక్షలోంచి తీసేస్తారు. తీర్పు చివర ఆ లెక్క సరిగ్గా రాశారో లేదో చూసుకోండి, తప్పు పడటం కొత్తేమీ కాదు. ఒకవేళ లాయరు ఏదో వాయిదాకు రాకపోయినా, రాలేదన్న ఒక్క కారణంతో అప్పీలు కొట్టేయడానికి లేదు, మెరిట్స్ (కేసులోని అసలు బలాబలాలు) చూసే తేల్చాలని 1996లో బానీసింగ్ కేసులో చెప్పారు.

మీ దగ్గర సర్టిఫైడ్ కాపీలుంటే, పేర్లు తీసేసి, డాక్టరు క్రాస్‌లో దవడ గాయం గురించి చెప్పిన భాగం, తీర్పులో "ప్రమాదకరమైన ఆయుధం" అని నిర్ధారించిన పేరా రెండూ టైపు చేసి ఇక్కడ పెట్టండి. ఆ రెండూ చూస్తే 326 మీద ఎంత గట్టిగా వాదించొచ్చో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.